సుగంధి అమ్మిన విమానం

మూడో చుట్టులో నీళ్ళ ట్యాంకు దాటాక విమానం కనబడలేదు.

సుగంధి రన్‌వే అంచున మోకాలెత్తు గడ్డిలో నిలబడి చూస్తోంది. ట్యాంకు చుట్టూ తిరిగేటప్పుడు ఆమె భర్త దేవన్ విమానాన్ని పక్కకు పడుకోబెట్టేస్తాడు. ఒక రెక్క కొస నేలకేసి, ఇంకో రెక్క కొస ఆకాశంకేసి ఉంటాయి. మలుపు అయిపోగానే రెక్కలు సమానమై, ముక్కు ఇటు తిరిగి, విమానం సూటిగా ఆమె తలమీదికి వస్తుంది. ప్రతిసారీ అంతే. ఈసారి రెక్కలు సమానం కాలేదు. ముక్కు మెల్లగా దిగింది. విమానం అలా వాలినది వాలినట్టే పామాయిల్ చెట్ల వెనక్కి జారిపోయింది.

ఇంజను మోత మాత్రం తగ్గలేదు, పెరగనూ లేదు.  ప్రమాదం తెలిసిన మనిషి ఏదో ఒకటి చేస్తాడు, పెంచుతాడు, తగ్గిస్తాడు. ఆ మోతలో మనిషి లేడు.

చేతిలో స్టాప్‌వాచ్ నడుస్తూనే ఉంది. ఆమె దానిని చూడలేదు. పొగ కోసం చూస్తోంది, చప్పుడు కోసం వింటోంది. అప్పుడు చెట్ల తలల్లోంచి విమానం ఉలిక్కిపడ్డట్టు పైకి లేచింది. కుడికి ఒరిగింది, ఎడమకు ఒరిగింది, తాగినవాడు గోడ పట్టుకుని నిలబడ్డట్టు నిలబడింది. ఒక పెద్ద చుట్టు తిరిగి వచ్చి దిగింది.

ఒకప్పుడు మందు చల్లే విమానాల కోసం ఎస్టేటువాళ్ళు వేసిన రన్‌వే అది. మలయ్ దేశంలో, తెలుక్ ఇంటాన్ ఊరికి బయట, చుట్టూ తోట. పక్కనే రేకుల షెడ్డు. ఇంజను ఆగాక చక్రాల కింద కట్టెలు పెట్టడం, మూత తీయడం, రెక్కల మీద పురుగులు తుడవడం సుగంధి పనులు. కట్టెలు పెట్టడానికి వంగినప్పుడు ఎడమ చక్రం తొడుగు మీద పచ్చటి మరక చూసింది. తొడుగుకీ చక్రం కాలికీ మధ్య సందులో ఒక తాటాకంత పొడుగు ఆకు చీలిక ఇరుక్కుని ఉంది.

దేవన్ హెల్మెట్ తీసి తల విదిలించుకున్నాడు. జుట్టంతా చెమట. "ఎంతొచ్చింది?"

"నొక్కలేదు."

"నొక్కలేదేటి? అంత మంచి చుట్టు తిరిగితే?"

ఆమె ఆకు చీలికను లాగి అతని ముందు పెట్టింది. "ఇదేటి, బావా?"

అతను దానివైపు చూశాడు. వేరే ఎవరి పెరట్లోంచో గాలికి కొట్టుకొచ్చిన దాన్ని చూసినట్టు చూశాడు. "ఎక్కడిదది?" అన్నాడు. అన్న తరవాత అతని కళ్ళు చక్రం మీదికి పోయాయి, అక్కడినుంచి చెట్లమీదికి, అక్కడినుంచి ఆమె ముఖంమీదికి. ఆ తరవాతే నవ్వాడు.

"కొంచెం కింద నుంచి ఒచ్చినాను లా. లైను బాగా దొరికింది."

సుగంధి తుడుపు గుడ్డ తడిపి మరక తుడిచింది. ఒకసారి తుడిస్తే పోలేదు. ఆకు రసం రంగులోకి ఇంకిపోయింది. ఆ రంగు వేసింది ఆమే. ఇంటి వెనక కార్ల షెడ్డులో విమానం కట్టినప్పుడు, సన్నని చెక్క పలకలు అంటించి, గుడ్డ చుట్టి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది వేళ్ళు పుండ్లు పడ్డాక వేసింది. మూత కింద ఎర్రటి అక్షరాలతో దేవన్ పేరు రాసింది కూడా ఆమే. ఆమె పేరు కూడా ఎక్కడైనా రాయాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు, ఆమెకు కూడా.

ఇంటికి వచ్చాక దేవన్ పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నూనె మిల్లులో ఇంజనీరు. పనివేళల్లో ఒక నూనె, తరవాత ఇంకో నూనె, గోళ్ళ కింద నలుపు ఎప్పుడూ ఉంటుంది. సబ్బుపొడి చల్లుకుని రుద్దుకుంటున్నాడు. సుగంధి తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది.

"మూడో చుట్టు సెప్పు బావా. ట్యాంకు తిరిగినాక ఏటైంది?"

"ఏటైంది? తిరిగినాను, ఒచ్చినాను."

"ట్యాంకుకీ నాకూ మధ్యన ఏటి సూసినావు?"

అతను రుద్దడం ఆపలేదు. "కళ్ళ ముందంతా బూడిదరంగైంది. గట్టిగా తిప్పితే నెత్తురు కిందికి దిగుద్ది. పందెం ఇమానాలు నడిపే అందరికీ ఔతాది. కడుపు బిగబట్టుకుంటే పోద్ది."

సుగంధి హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరు. నెత్తురు ఎలా దిగుతుందో, కళ్ళు ఎందుకు బూడిదవుతాయో ఆమెకు తెలుసు. "బూడిదైతే సెట్లు కనపడతాయి. నీకు సెట్లు కనపడలేదు. ఆకు సూపిస్తే ఎక్కడిదని అడిగినావు."

"సుదా లా, సుగంధీ." మలయ్‌లో చాలన్నాడు, తడి చెయ్యి ఊపాడు.

"సోమవారం డాక్టరు దగ్గరికి ఎల్దాం."

"డాక్టరు ఒక్క ముక్క రాస్తే లైసెన్సు పోద్ది. మరి జన్మంతా కింద కూకోవాలి. ఈ పందెం అయినాక ఎల్తాను."

"పందెం అయినాక ఉంటావేటి?"

అతను కుళాయి కట్టేశాడు. ముఖం మీద కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. "నాకు నలభై తొమ్మిది. ఇన్నేళ్ళూ థాయ్‌లాండ్ ఎల్లి వెనక నుంచి రెండోవాడినో మూడోవాడినో అయినాను. ఈ ఏడు ఇంజను కుదిరింది. ఫైనలుకి సేరితే ఈ ఏడే సేరాలి. మరి నేదు." ఆమె చేతిలోంచి తువ్వాలు తీసుకున్నాడు. "ఒక్క వారం. నన్ను ఒగ్గెయ్."

ఆదివారం పొద్దున పాపమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఆకుకూర ఏరుతోంది. దేవన్ తల్లి, సుగంధికి సొంత మేనత్త. సుగంధి ఎదురుగా కింద కూర్చుంది. ఒక కట్ట తీసుకుని తనూ ఏరసాగింది. చెట్ల సంగతి, ఆకు సంగతి మెల్లగా చెప్పింది. పాపమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఓలమ్మ. మరి నన్నేటి సెయ్యమంతావు?"

"నువ్వు సెప్పు అత్తా. నీ మాటంటే కొంచెమైనా ఇంటాడు."

పాపమ్మ కొడుకును పిలిచింది. అతను వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె తిట్టింది. గట్టిగానే తిట్టింది. ఎగరొద్దంది, నా మీద ఒట్టంది. అతను ఆమె పాదాలు ఒళ్ళోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే లాగుతూ విన్నాడు. చిన్నప్పుడు కోళ్ళ గూడు మీదనుంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్న రోజు గుర్తు చేశాడు. ఆరోజు నువ్వు నన్ను కొట్టకుండా డాక్టరును తిట్టినావే అన్నాడు. పాపమ్మ నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆపుకోలేకపోయింది. అతను లేచిపోయాక కోడలి ముఖంలోకి చూడకుండా కూరవైపు వంగింది.

"ఒగ్గెయ్యమ్మీ. అది తీసేస్తే ఆడిలో ఏటి మిగులుద్ది?"

సుగంధికి ఆ ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదు. కూతురు సుమితకు పదహారేళ్ళు. ముందు గదిలో చెవుల్లో పాటలు పెట్టుకుని లెక్కలు చేసుకుంటోంది. దానికేం చెబుతుంది. నాన్న చచ్చిపోతాడని నాకు భయంగా ఉందని చెబుతుందా.

మధ్యాహ్నం దేవన్ ఫోను మోగింది. విమానం రెక్కలు విప్పి సరిహద్దు దాటించే లారీ కంపెనీ నుంచి. గురువారం బండి పంపుతారు. మాట్లాడుతూ మాట్లాడుతూ అతను నవ్వి, ఫోను సుగంధికి అందించాడు.

"ఓనరుతో మాటాడాలంట. మాటాడమ్మా, ఓనరమ్మా."

విమానం రిజిస్టరు చేయించిన రోజుల్లో అతను మిల్లు పనిమీద సముద్రం అవతల సబాలో ఉన్నాడు. అందుకని అది ఆమె పేరు మీద ఉంది. పందెంలో ఎవరైనా ఓనరెవరని అడిగితే అందరి కళ్ళూ అతని వైపే తిరుగుతాయి. అతను ఆమెను చూపించి, ఆవిడే అంటాడు. అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది.

ఫోనులో ఒక అమ్మాయి మలయ్ భాషలో మర్యాదగా అడిగింది, విమానం యజమాని మీరేనా అని.

సుగంధి తల తిప్పి చూసింది. దేవన్ సోఫాలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, ఆమెను చూసి కళ్ళెగరేస్తున్నాడు.

"అవును. నేనే," అంది.

మాట్లాడడం అయ్యాక ఫోను అతనికిచ్చి, తన ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. బట్టలు ఆరేసిన తీగ వెనక నిలబడి తిబన్ నంబరు వెతికింది. తిబన్ జార్జ్ టౌన్ కుర్రాడు, ముప్ఫై నిండలేదు. అద్దె విమానాలు నడుపుతాడు. పోయిన ఏడు పందెంలో వీళ్ళ విమానం చుట్టూ గంటలసేపు తిరిగి, ఎప్పుడైనా అమ్ముతానంటే నాకే చెప్పండక్కా అని నంబరిచ్చి వెళ్ళాడు. తమిళవాడు. సుగంధి తమిళంలోనే మాట్లాడింది. 

అతను నమ్మలేదు. "అక్కా, వచ్చేవారం పందెం పెట్టుకుని ఇప్పుడు అమ్ముతానంటున్నారు. విమానంలో ఏముంది? దాచకుండా చెప్పండి. దానిలో కూర్చోవలసింది నేను."

"ఎడమ చక్రం చెట్టుకు తగిలింది. చక్రం కాలు, అది విమానం ఒంటికి అతికినచోటు అన్నీ విప్పి చూసుకో. చూసుకున్నాకే ఎగురు. అంతకు మించి విమానంలో ఏమీ లేదు తంబీ."

"చెట్టుకా? అన్న చెట్టుకు తగిలించడమేంటి?"

 తీగ మీద దేవన్ మిల్లు చొక్కా ఆరుతోంది. ఆమె దాని అంచు పట్టుకుని నిలబడింది. 

"అన్నకి తెలుసా?"

"నేను చెబుతాను."

"మంగళవారం డబ్బు, లారీ తీసుకుని వస్తాను అక్కా," అన్నాడతను.

చెబుతానంది కానీ ఆదివారం చెప్పలేకపోయింది. సోమవారం పొద్దున చెప్పలేకపోయింది. స్కూల్లో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయి, బోర్డువైపు తిరిగి నిలబడిపోయింది. పిల్లలు కాసేపు చూసి గుసగుసలు మొదలుపెట్టారు. తనేం రాస్తోందో ఆమెకు గుర్తు రాలేదు. దేవన్‌కు చెట్ల వెనక ఇలాగే అయి ఉంటుందా అనిపించింది. మధ్యలో ఒక ముక్క ఎవరో కత్తిరించి పట్టుకుపోయినట్టు.

సాయంత్రం ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. వాన పడేలా ఉంది. రేకుల కింద గాలి ఆడటం లేదు. దేవన్ ప్లగ్గులు మార్చి, ఇంజను మూత బిగించి, రెక్కకూ ఒంటికీ మధ్య సందు మీద సన్నటి టేపు అంటిస్తున్నాడు. గాలి ఆ సందులో దూరితే వేగం పోతుంది. బొటనవేలితో కొస నుంచి కొసదాకా ఒత్తుతూ, ఈల వేస్తున్నాడు.

"బావా, విమానం అమ్మేసినాను."

అతను ఈల ఆపలేదు. తరవాత ఆపాడు.

"ఎవులికి?"

"తిబన్‌కి. రేపు ఒస్తాడు."

"ఇది నాది."

"నా పేరు మీదుంది."

బొటనవేలు టేపు మీద అలాగే ఉంది. "అది ఉత్తుత్తికే పెట్టినాం కదా, సుగంధీ." చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పాడు. "నీ పేరు, నా పేరు అని ఎప్పుడైనా అనుకున్నామేటి?"

"నేదు. ఇప్పుడనుకున్నాను."

అతను లేచి నిలబడ్డాడు. అప్పుడు వచ్చింది కోపం. ఇన్నేళ్ళు ఒక్క పండగకు కొత్త చొక్కా కుట్టించుకున్నానా అన్నాడు. నువ్వే కదా చేత్తో చేసినావు, నీ చేత్తో నువ్వే తెంచుతావా అన్నాడు. ఫోను తియ్యి, వాడికి రావొద్దని చెప్పు అన్నాడు. ఆమె తియ్యలేదు. 

"నా పానం తీసేస్తన్నావు నువ్వు."

"తీస్తన్నాను," అంది ఆమె. "నువ్వు బతికుంటే సాలు, తీస్తన్నాను. తిట్టు. ఇంట్లోంచి పొమ్మను. ఎగరకు."

దేవన్ విమానాన్ని తోక పట్టుకుని బయటికి లాగాడు. ఒక్కడే లాగాడు. చక్రాల కింద కట్టెలు పెట్టాడు. లోపల కూర్చుని బెల్టులు బిగించుకుని హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆకాశం నల్లగా దిగి ఉంది.

"తిప్పు," అన్నాడు.

ఆ విమానానికి స్టార్టరు లేదు. బరువని పెట్టలేదు. ముందు పంకాను ఎవరో ఒకరు చేత్తో తిప్పాలి. ఎప్పుడూ సుగంధే తిప్పుతుంది. అతను లోపలనుంచి ఇంజను స్విచ్చు వేసి కాంటాక్ట్ అంటాడు, ఆమె పంకా రెక్క మీద అరచేతులు పెట్టి, ఒక్క లాగు లాగి వెనక్కి దూకుతుంది. ఇంజను మొదటిసారి అంటుకున్నప్పుడు ఇద్దరూ ఆ షెడ్డు ముందే ఏడ్చారు.

"తిప్పు, సుగంధీ. ఒక్కసారి. ఆఖరుసారి ఎగిరి దిగిపోతాను. ఒట్టు."

ఆమె కదల్లేదు.

అతను బెల్టులు విప్పుకుని దిగాడు. తోకకు తాడు కట్టి షెడ్డు స్తంభానికి బిగించాడు. లోపల ఎవరూ లేకుండా పంకా తిప్పితే ఎంత ప్రమాదమో కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు చెప్పే మనిషి. ముందుకు వెళ్ళి పంకా మీద చేతులు పెట్టాడు.

సుగంధి రెక్క పక్కన నిలబడి ఉంది. చెయ్యి లోపలికి పెట్టి స్విచ్చు కిందికి నొక్కేసింది.

అతను అది చూశాడు. చూసి కూడా లాగాడు. పంకా గిర్రున తిరిగి ఆగింది. మళ్ళీ లాగాడు. స్విచ్చు ఆపి ఉంటే నిప్పు పుట్టదు, ఎంత లాగినా అంటుకోదు. అతనికి తెలియనిది కాదు. అయినా లాగుతూనే ఉన్నాడు. ప్రతి లాగుకూ గొంతులోంచి ఒక చప్పుడు వస్తోంది. వాన మొదలైంది. చేతులు జారుతున్నాయి. ఆమెను పక్కకు తోసి స్విచ్చు వేసుకుంటే చాలు. ఆమె దానికోసమే ఎదురుచూస్తూ, స్విచ్చు మీద చెయ్యి తీయకుండా, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడింది. అతను రాలేదు. చప్పుడు ఆగాక కళ్ళు తెరిచింది. అతను చక్రం పక్కన నీళ్ళలో చతికిలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. అరచేతుల తోలు లేచిపోయింది.

"నువ్వు నాకేటి సేసినావో నీకు తెల్దు," అన్నాడు.

"తెలుసు, బావా."

ఇద్దరూ కలిసి విమానాన్ని లోపలికి తోశారు. అది తడవకూడదు కనక తోశారు. 

మంగళవారం తిబన్ ఆమెను స్కూలు దగ్గర ఎక్కించుకుని, లారీ తీసుకుని షెడ్డుకు వచ్చాడు. దేవన్ పొద్దున్నే కారు తీసుకుని మిల్లుకు వెళ్ళిపోయాడు, టీ కూడా తాగలేదు. తిబన్ ముందు ఎడమ చక్రం కాలు విప్పి చూశాడు. వేలితో తడిమి, టార్చి వేసి, మళ్ళీ తడిమాడు. ఏమీ లేదన్నాడు. విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. సంతోషంగా ఉన్నాడు, ఆ సంతోషం ఆమెకు కనపడకూడదని తంటాలు పడుతున్నాడు.

రెక్కలు విప్పాలి. ఒక్కో రెక్క రెండు పెద్ద బోల్టుల మీద ఉంటుంది. సుగంధి బోల్టులకు చుట్టిన ఇనుప తీగ కత్తిరించి, నట్లు తీసింది. తిబన్ రెక్క కొస పట్టుకున్నాడు. ఆమె చెక్క దిమ్మ ఆనించి సుత్తితో కొట్టింది. బోల్టు కదల్లేదు. కొస కొంచెం ఎత్తమంది. ఎక్కువ ఎత్తాడు. దించమంది. ఎక్కువ దించాడు. చెక్క కిర్రుమంది. ఆ చప్పుడుకు ఆమె సుత్తి దించేసింది.

"ఒగ్గు, తంబీ."

దేవన్ గుమ్మంలో ఉన్నాడు. మిల్లు బూట్లు, మిల్లు చొక్కా. అరచేతులకు గుడ్డ చుట్టుకున్నాడు. వచ్చి తిబన్‌ను పక్కకు జరిపి రెక్క కొస కింద భుజం పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. చెవి దగ్గర ఏదో వింటున్నట్టు, వెంట్రుకంత ఎత్తి, వెంట్రుకంత దించి, ఒకచోట ఆగాడు.

"కొట్టు."

సుగంధి కొట్టింది. బోల్టు వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. బరువు మొత్తం అతని భుజం మీద పడింది. అతను రెండో బోల్టు వచ్చేదాకా అలాగే మోశాడు. రెండో రెక్కకూ అంతే.

లారీలో రెక్కల కింద పాత పరుపులు వేశారు. దేవన్ తాళ్ళు తనే కట్టాడు. ఆఖరి ముడి వేసి, తిబన్‌ను దగ్గరికి పిలిచి, తమిళంలో చెప్పాడు. ఎడమ మలుపులో ఇది ముక్కు దించుతుంది, దించేముందే పట్టుకో. వేడెక్కితే వెనక సిలిండరు మొదట అలుగుతుంది. ఒంటరిగా పంకా తిప్పకు, ఎప్పుడూ తిప్పకు. తిబన్ తలాడించాడు. వంగి అతని కాళ్ళు ముట్టుకోబోతే దేవన్ భుజాలు పట్టుకుని లేపేశాడు.

"పోయిరా. బేగి పో," అన్నాడు తెలుగులో. అర్థమయిందో లేదో, ఆ కుర్రాడు పోయాడు.

లారీ తోట మలుపు తిరిగేదాకా చూశారు. షెడ్డు తలుపు లాగి కారు దగ్గరికి నడిచారు. సుగంధి ఎప్పటిలాగే ఎడమవైపు వెళ్ళింది. అక్కడ దేవన్ నిలబడి ఉన్నాడు. ఆమె ఎప్పుడూ ఎక్కే తలుపు మీద చెయ్యి వేసి, తాళంచెవి ఆమె ముందుకు చాపాడు.

"నువ్వు నడుపు."

"సేతులు నొప్పేటి?"

"కాదు."

ఆమె అటు వెళ్ళి ఎక్కి, సీటు ముందుకు జరుపుకుంది. కారు తోట దారిలో నెమ్మదిగా పోతోంది. రెండు వైపులా చెట్లు వాన నీళ్ళు కారుస్తున్నాయి. సుగంధికి మూడు రోజుల తరవాత మొదటిసారి ఊపిరి కిందిదాకా వెళ్ళింది. అతను మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఏళ్ళ తరబడి మాట్లాడకపోయినా ఫరవాలేదు. అతను పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఇమానం పోతే అయిపోయింది అనుకుంటన్నావు," అన్నాడు దేవన్.

ఆమె తిరిగి చూసింది.

"రోడ్డు సూడు. పోయిన నెల సుమితని ట్యూషన్ నుంచి తెస్తన్నాను. బజారు దగ్గర లైటు ఎర్రది. ఆపినాననే అనుకున్నాను. కళ్ళు తెరిసేసరికి బండి జంక్షన్ మధ్యన ఉంది. మన గుంట రెండు సేతుల్తో హ్యాండ్ బ్రేకు పట్టుకొని అరుస్తంది. పక్కన లారీ. ఇంతే దూరం." చెయ్యి చూపించాడు. 

సుగంధి కారు పక్కకు తీసి ఆపింది.

"గాల్లో గట్టిగా తిప్పితే నెత్తురు దిగుద్ది అన్నావు," అంది. "కార్లో ఎక్కడ తిప్పినావు?"

"తిప్పలేదు. కూకున్నాను, అంతే. మిల్లులో కూడా ఒకసారి. మెట్లమీద."

ఆమె స్టీరింగు మీద నుదురు ఆనించింది. అమ్మినది విమానాన్ని. అతని తలలోనో గుండెలోనో ఉన్నది అలాగే ఉంది, పక్క సీట్లో కూర్చుని ఉంది. తను గడ్డిలో నిలబడి ఆకాశంలోకి చూస్తూ భయపడుతూ ఉండగా, అది ఊళ్ళో రోడ్డు మీద, కూతురు పక్కన తిరిగింది.

"నీకు సెప్పొద్దని గుంటతో అన్నాను," అన్నాడతను. "పందెం అయినాక నేనే సెప్తానని ఒట్టేసినాను. గుంట సేత కూడా ఒట్టేయించినాను. అది నా కారు ఎక్కడం మానలేదు. రోజూ ఎక్కింది. ఆ బ్రేకు మీద సెయ్యి ఏసుకొని కూకునేది." ఇద్దరి మధ్యనున్న హ్యాండ్ బ్రేకు వైపు చూశాడు. "నిన్న నువ్వు స్విచ్చు మీద సెయ్యి తీలేదు. గుంట కూడా అలగే."

బయట వాన నీళ్ళు కాలవలో పోతున్న చప్పుడు. సుగంధి ముఖం తుడుచుకుంది. అతన్ని కొట్టాలనిపించింది. అతని చేతులకున్న గుడ్డ ఊడిపోతోంది. కొట్టలేక, దాన్ని పట్టుకుని గట్టిగా బిగించి ముడి వేసింది. అతను నొప్పికి మూలిగాడు. ఆమె ముడి వదులు చేయలేదు.

"రేపు పొద్దున్నే ఆసుపత్రికి ఎల్తన్నాం," అంది.

"రేపు ఒద్దు. రేపటికి నేను మారిపోతాను. ఇప్పుడే తీసుకెల్లు. గుంటని కూడా ఎక్కించుకొని పోదాం."

ట్యూషన్ సెంటరు బజారు వీధిలో, దుకాణాల మీద అంతస్తులో ఉంది. కింద వరండాలో సుమిత సంచి గుండెలకు పట్టుకుని నిలబడి ఉంది. కారు చూసి అలవాటుగా ముందు తలుపు వైపు వచ్చింది. అద్దంలోంచి తండ్రి కనిపించాడు. అతని అవతల స్టీరింగు ముందు తల్లి. పిల్ల అక్కడే ఆగిపోయింది. వెనక ఎవరో హారను కొట్టారు. అప్పుడు వెనక తలుపు తీసి ఎక్కింది.

"నాన్నా, సెప్పేసినావా?"

"సెప్పేసినానమ్మా."

సుమిత రెండు సీట్ల మధ్యనుంచి ముందుకు వంగి, తల్లి భుజం మీద నోరు నొక్కుకుని ఏడ్చింది. గొంతు బయటికి రాకుండా, ఒళ్ళంతా కుదుపుకుంటూ ఏడ్చింది. వెనక హార్నులు పెరుగుతున్నాయి. దేవన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సుగంధి చెయ్యి వెనక్కి పెట్టి కూతురి తల పట్టుకుంది. ఆ తల బరువు చేతికి తెలిసేదాకా పట్టుకుంది.

తరవాత బెల్టు పెట్టుకోమని చెప్పి, కారును ఆసుపత్రి రోడ్డు వైపు తిప్పింది.